దారం మీదికి నెట్టిన తప్పులు

సూరత్‌లో మా నవాగామ్ గల్లీలో ఎవరికి ఉద్యోగం ఆఫర్ వచ్చినా ఆ కాగితం ఒకసారి నా దగ్గరికి వస్తుంది. "పెద్దనాయనా, జర చూడు. పోవాల్నా వద్దా?" అని అడుగుతారు. అందులో సగం ఇంగ్లీషు నాకు అర్థం కాదని వాళ్లకూ తెలుసు. అయినా తెస్తారు. ముప్పై ఏళ్లకు పైగా మగ్గాల మధ్య బతికి, యాభై రెండేళ్ల వయసులో ఐటీ కంపెనీలో చేరి, పోయిన నెల అక్కడే రిటైరైనవాడిని ఈ గల్లీ మొత్తానికి నేనొక్కడినే. పదో తరగతి, అదీ ఇక్కడి మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో, మూడో ప్రయత్నంలో పాసైన మనిషిని. నవ్వుకోండి, నాకేం పర్వాలేదు.

నాకు ఆ ఆఫర్ వచ్చినప్పుడు నాలుగు రోజులు తిండి సహించలేదు. అందులో మొదటి రెండు రోజులు తప్పు నిర్ణయాలు చేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం దువ్వుకుంటూ తిరిగాను. ఒక్కొక్కడికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పిల్లలూ, చదవండి. చదివాక మళ్లీ నా గుమ్మం ముందు నిలబడి ప్రాణం తీయకండి.

సూరత్ పక్కనే సచిన్ అనే చోట ఒక నేత మిల్లు. పద్దెనిమిదేళ్లకు అందులో మగ్గం ఎక్కాను. పదేళ్ల తర్వాత కళ్లు చురుకుగా ఉన్నాయని గుడ్డ పరీక్ష చేసే విభాగంలో వేశారు. దాన్ని ఫోల్డింగ్ అంటారు. ఏటవాలుగా ఒక గాజు బల్ల ఉంటుంది, కింద ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటాయి, దాని మీదుగా నేసిన గుడ్డ జారుతూ ఉంటుంది. తప్పు కనబడ్డ చోట ఆపి, గుర్తు పెట్టి, అది ఎవరి తప్పో రాయాలి. నేసినవాడిదైతే వాడి జీతంలో కోత. దారానిదైతే దారం అమ్మిన వ్యాపారికి ఫిర్యాదు. అక్కడ మేం ఎనిమిది మందిమి. అందరికంటే పాతవాడినని నన్ను మాస్టర్ అనేవారు.

నడుస్తున్న మగ్గం ఆగి మళ్లీ మొదలైనప్పుడు, చెయ్యి కుదరని మనిషైతే గుడ్డకు అడ్డంగా సన్నటి గీత పడుతుంది. మేం దాన్ని పట్టా అంటాం. కొత్తగా వచ్చినవాడి గుడ్డ నిండా పట్టాలే. దారం బాగా లేనప్పుడు కూడా ఇంచుమించు అలాంటి గీతే వస్తుంది. రెంటికీ తేడా పట్టాలంటే ఏళ్ల తరబడి ఆ బల్ల ముందు నిలబడి ఉండాలి.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరూ నోరు తెరిచి చెప్పరు గానీ అందరూ పాటిస్తారు. కొత్తగా మగ్గం ఎక్కినవాడి పట్టాలను మొదటి ఆరు వారాలు వాడి పేరు మీద రాయం, దారం మీద రాస్తాం. ఊరి నుంచి వచ్చినవాడు మొదటి నెలలోనే జీతం కోత చూస్తే మళ్లీ రైలెక్కేస్తాడు. ఆరు వారాలు ఓర్చుకుంటే చెయ్యి కుదురుతుంది, మనిషి నిలబడతాడు. నేను మగ్గం ఎక్కిన కొత్తలో నా పట్టాలు కూడా ఎవరో పెద్దాయన అలాగే రాశాడట. ఆ బల్ల దగ్గరికి వచ్చిన తర్వాత గానీ నాకు తెలియలేదు. దారం వ్యాపారికి ఇది అన్యాయం కాదా అంటే, అన్యాయమే. "నాలుగు గీతలకు ఆయన మునిగిపోతాడా" అని సర్ది చెప్పుకునేవాళ్లం.

ఇలా నడుస్తుండగా మా మిల్లు యజమాని సేఠ్ ఏదో ప్రదర్శన చూసొచ్చి ఒక కంప్యూటర్ కంపెనీని వెంటబెట్టుకొచ్చాడు. ప్రతి బల్ల మీదా కెమెరా బిగించారు. పక్కన ఒక డబ్బా, దాని మీద బటన్లు. పట్టా కనబడితే నేతవాడి తప్పుకు ఎర్ర బటన్, దారం తప్పుకు నీలం బటన్ నొక్కమన్నారు. ఏడాది పాటు నొక్కాం. పుస్తకంలో ఎలా రాసేవాళ్లమో అలాగే నొక్కాం. కెమెరా తీసిన ప్రతి ఫోటోకూ మా బటన్ జతచేసి, దాన్ని చూపించి యంత్రానికి పాఠం చెబుతున్నారని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా మానేవాళ్లం కాదేమో, చేతులు అలా అలవాటు పడిపోయాయి.

ఏడాది తర్వాత బటన్లు ఆపేసి యంత్రాన్నే చెప్పమన్నారు. అది చెప్పడం మొదలుపెట్టింది చూడండీ! ఒకే రకం గీతను పొద్దున నేతవాడిదంటుంది, మధ్యాహ్నం దారానిదంటుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు కునుకు తీసి చేసిన తప్పును కూడా దారం మీదికి నెట్టేస్తుంది. సేఠ్ దాన్ని నమ్మి లారీడు దారం వెనక్కి పంపాడు. ఆ వ్యాపారి పరీక్ష చేయించిన కాగితాలు పట్టుకొచ్చి మిల్లు గేటు ముందే గొడవకు దిగాడు. దారంలో ఒక్క లోపం లేదు.

ఎందుకిలా అవుతోందో కనిపెట్టడానికి కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మనమ్మాయే. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేస్తాడు, విజయనగరం వైపు వాళ్లు. పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే కాబట్టి ఆమె తెలుగులో మూడు భాషలుండేవి. వారం రోజులు నా బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చుంది. యంత్రం చెప్పే ముందే నేను "ఇగో, దీనికి తప్పు చెప్తది చూడు" అనేవాడిని. అలాగే చెప్పేది. పదికి పది సార్లు.

"కాకా, ఇది ఎలా తెలిసిందండి మీకు? ప్లీజ్, బోలోనా!" అని వెంటపడింది.

"అనుభవం బిడ్డా" అని తప్పించుకున్నాను. అప్పటికే నాకు సంగతి అర్థమైపోయింది. ఏ గీతలు అచ్చం కొత్తవాళ్ల గీతల్లా ఉన్నాయో వాటినే యంత్రం దారం మీదికి నెడుతోంది. అంటే మేం నేర్పిన అబద్ధాన్నే అది బుద్ధిగా అప్పజెబుతోంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం టీ తాగుతుంటే ఆ అమ్మాయి ఎదురుగా వచ్చి కూర్చుంది. "కాకా, మా సర్ మీకు జాబ్ ఇస్తానంటున్నారండి."

"ఏం జాబు? ఊడ్చెటందుకా?"

"అరె నహీ కాకా! యంత్రానికి మాస్టర్‌గా. ఏడాది ఫోటోలన్నీ మీరు మళ్లీ చూసి, గలత్ ఉన్నవి సరి చెయ్యాలి. తర్వాత వేరే మిల్లులవి కూడా. హా అంటారో, నా అంటారో సోమవారం చెప్పేయండి."

జీతం చెప్పింది. మిల్లులో నాకొచ్చేదానికి రెండింతలకు పైనే. సంతోషంగా లేదా అంటే, ఉంది. లోపల్లోపల ఎగిరి గంతేశాను. ఆ మరుక్షణమే భయం పట్టుకుంది. ఫోటోలు సరిచేయడమంటే మా ఆచారం బయటపెట్టడమే. ప్రతి ఫోటో మీదా మగ్గం నంబరుంది, బటన్ నొక్కినవాడి నంబరుంది. ఏళ్ల తరబడి సేఠ్‌తో అబద్ధం ఆడిన ఎనిమిది మందిమీ దొరికిపోతాం. నేనంటే ఏసీ గదిలోకి పోతాను. మిగతా ఏడుగురు?

పక్క బల్ల తమ్ముడికి మాత్రం చెప్పాను. తమ్ముడంటే వరసకు కాదు, ఇరవై ఏళ్ల పక్క బల్ల చుట్టరికం. విన్నవాడు చేతిలో సుద్దముక్క పక్కన పెట్టేశాడు.

"అన్నా, జర ఆలోచన చెయ్యి. నువ్వు పోయి గా ఫోటోలన్ని సక్కగ చేస్తవ్. సేఠ్ మా నంబర్లు చూసి ఊకుంటడా? నాకు గీ కండ్లు దప్ప ఏమొచ్చు? గీ వయసుల నన్నెవడు పెట్టుకుంటడు?"

"పోను తియ్యి" అన్నాను. అది నా మొదటి నిర్ణయం. ఆ సాయంత్రం బస్సులో ఛాతీ విరుచుకుని నిలబడి వచ్చాను. తోటివాళ్ల కోసం అంత ఉద్యోగం కాలదన్నుకున్నవాడినని నా మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది.

ఆ గౌరవం మర్నాడు పది గంటల దాకానే నిలిచింది. దారం వ్యాపారితో గొడవపడి విసిగిపోయిన సేఠ్ శనివారం పొద్దున ఫోల్డింగ్‌లోకి వచ్చి అందరికీ వినబడేలా చెప్పాడు. సోమవారం కంపెనీ వాళ్లతో కూర్చుని దారం లెక్క యంత్రంలోంచే తీయించేస్తాడట. పట్టా కనబడితే అది నేతవాడిదే. కొత్తా లేదు, పాతా లేదు.

నేను పోకపోతే మా రహస్యం దాగుతుందనుకున్నాను గానీ, రహస్యం దాగి కొత్తవాళ్లు మునిగిపోతారని అప్పుడర్థమైంది. ఊరి నుంచి వచ్చిన ప్రతి ఒక్కడూ నెల తిరక్కుండా వెళ్లిపోతాడు. అలా వెళ్లిపోకుండా నిలబడ్డవాడినే కదా నేను!

దాంతో రెండో నిర్ణయం చేశాను. ఇది ఇంకా తెలివైనది. ఉద్యోగంలో చేరతాను, నోరు విప్పకుండా ఫోటోలన్నీ సరిచేసేస్తాను, దారం లెక్క తీసే అవసరమే రాదు, కొత్తవాళ్లను ఎలా కాపాడాలో తర్వాత చూసుకోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. నా బుర్రకు నేనే మురిసిపోయి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. మాటల్లో మాటగా అడిగినట్టు అడిగాను, ఫోటో మార్చితే ఎవరికైనా తెలుస్తుందా అని.

"తెలుస్తుంది కదండీ కాకా! ఒక్కో ఫోటోకి ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, రీజన్ రాయాలి. సర్ రోజూ చూస్తారు. లేకిన్ ఎందుకు అడుగుతున్నారు?"

"ఏం లేదు బిడ్డా, ఊకెనే" అని పెట్టేశాను. నా తెలివి అంతటితో సరి.

ఆదివారం పొద్దున మా ఆవిడ ఇంట్లో చీరలకు దారాలు కత్తిరిస్తూ కూర్చుంది. ఇంటికి తెచ్చుకునే పని అది. నేను ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతున్నాను. ఉన్నవి రెండే గదులు.

"ఏందయ్యా, రెండు దినాల సంది బువ్వ తింటలేవు. ఏం పరేషాని వచ్చింది?" అంది కత్తెర ఆపకుండానే.

మొత్తం చెప్పాను. ఆరు వారాల సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది. నా కొత్తలో జీతం కోత ఎందుకు పడలేదో కూడా చెప్పాను. ఆమె కత్తెర కింద పెట్టింది.

"నువ్వు చేసింది తప్పే అనుకుంటె ఇన్నేండ్లు ఎందుకు చేసినవ్? తప్పు కాదనుకుంటె ఎందుకు దాస్తున్నవ్? రెండిట్ల ఏదన్న ఒక్కటి చెప్పు. నేను పొయ్యి మీద బియ్యం పెట్టాలె."

మా ఆవిడ లేచి బియ్యం పెట్టుకుంది. నేను బయటికొచ్చి ఏడుగురికీ ఫోన్లు చేశాను.

మధ్యాహ్నానికి అందరూ మా ఇంట్లో ఉన్నారు. మంచం మీద నలుగురు, గడప మీద ఇద్దరు, పక్క బల్ల తమ్ముడు మాత్రం గోడకు ఆనుకుని మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. రేపు సేఠ్ ముందే నిజం చెప్పేస్తానన్నాను. మీరు వద్దంటే చెప్పను, కానీ ఉద్యోగంలోనూ చేరను అన్నాను. చాలాసేపు వాదించుకున్నారు. ఇద్దరు నన్ను తిట్టారు కూడా. ఒకాయన, ఒడిశా మనిషి, చివరికి "దాచి మాత్రం ఏం లాభం, రేపటి నుంచి కొత్తవాడెవడూ నిలబడడు" అన్నాడు హిందీలో. అందరూ లేచి వెళ్లేటప్పుడు తమ్ముడు వెనకే ఉండిపోయాడు. జేబులోంచి చెమటకు మెత్తబడిన చిన్న నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు.

ఏ కొత్తవాడు ఏ మగ్గం మీద ఏ రోజున ఎక్కాడో అందులో రాసి ఉంది. ఆరు వారాలు ఎప్పుడు నిండుతాయో ఎవరో ఒకరు లెక్క పెట్టాలి కదా. మా అందరి తరఫునా వాడే పెట్టేవాడు.

"గిది లేకుంటె నీ మాట ఎవడు నమ్ముతడు?" అన్నాడు. "పో. నా నంబరు గూడ చెప్పు, ఏమైతదో సూద్దాం." నేను వాడిని గట్టిగా కౌగిలించుకున్నాను. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

సోమవారం వేసు అనే పేటలో ఉన్న ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. ఐదో అంతస్తు, ఎటు చూసినా అద్దాలు. చెప్పులు బయట విడవాలా వద్దా అని కాసేపు తటపటాయించి విడిచే వెళ్లాను. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు. సేఠ్, కంపెనీ ఓనరు, ఆ అమ్మాయి ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఓనరు నవ్వుతూ ఆఫర్ కాగితం నా వైపు జరిపాడు.

"సంతకం తర్వాత. ముందు నా మాట వినండి" అని హిందీలో మొదలుపెట్టాను. ఆరు వారాల ఆచారం, నీలం బటన్, నా నంబరు, ఏడుగురి నంబర్లు, ఏదీ దాచలేదు.

సేఠ్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఝూఠ్ బోలా మేరే కో? మాస్టర్, తుమ్ భీ?" నువ్వు కూడానా అన్న ఆ 'తుమ్ భీ' గుచ్చుకుంది. ముప్పై ఏళ్లుగా నన్ను నమ్మిన మనిషి ఆయన. ఇంక పోయేదేమీ లేదన్న తెగింపు వచ్చేసింది.

"తిట్టండి సేఠ్, తర్వాత తిట్టండి. ఒక్కసారి ఇది చూడండి" అని నోటుబుక్కు అమ్మాయికిచ్చాను. ఒక్కో పేరూ, మగ్గం నంబరూ, తేదీ నేను చదువుతుంటే ఆమె కంప్యూటర్‌లో ఎక్కించింది. గంట పట్టింది. సేఠ్ వెళ్లిపోతాడేమోనని భయపడ్డాను గానీ కిటికీ దగ్గర వీపు తిప్పుకుని నిలబడ్డాడు, వెళ్లలేదు.

చివరికి అమ్మాయి తెర తిప్పి చూపించింది. ఏడాదిలో వచ్చిన కొత్తవాళ్ల పట్టాలన్నీ వారం వారం గీతలుగా కనబడుతున్నాయి. మొదటి వారం కొండంత. మూడో వారానికి సగం. ఆరో వారానికి నేలకు ఆనుకున్నాయి. ఒక్కరు కాదు, దాదాపు అందరివీ అలాగే. "కాకా! బాప్ రే! పర్ఫెక్ట్‌గా ఆరో వారం!" అని అమ్మాయి గట్టిగా అరిచేసి, నోరు మూసుకుంది.

"అన్నిటికంటే ఎత్తుగా ఉన్న ఆ మొదటి గీత ఎవరిదో తెలుసా?" అని సేఠ్‌ను అడిగి పేరు చెప్పాను. బయటి నుంచి ఏ వ్యాపారి వచ్చినా సేఠ్ తన చేత్తో ఎవరి గుడ్డ తీసి చూపిస్తాడో అతనే. మిల్లులో ఇప్పుడు ఒక్క పట్టా పడని మగ్గం అతనిది. ఎర్ర బటన్ నొక్కి ఉంటే మొదటి జీతానికే వెళ్లిపోయేవాడు.

"పక్క మిల్లులో మొదటి రోజు నుంచే కోత. వాళ్ల దగ్గర మనుషులు నిలవడం లేదని మీరే కదా సేఠ్ నవ్వుతారు. మనవాళ్లు ఎందుకు నిలుస్తున్నారో ఎప్పుడైనా ఆలోచించారా?" అన్నాను. అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

సేఠ్ వచ్చి కూర్చున్నాడు. తెర తన వైపుకు తిప్పుకున్నాడు. "మేరే కో పహలే క్యోం నహీ బోలా?"

"చెబితే ఒప్పుకునేవారా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "నహీ" అన్నాడు. తర్వాత నవ్వేశాడు. అప్పటిదాకా కిక్కురుమనని కంపెనీ ఓనరైతే కుర్చీ అంచుకు వచ్చేశాడు. మనిషి చెయ్యి కుదిరే వారం కనిపెట్టే యంత్రాన్ని సూరత్‌లో ఏ మిల్లుకైనా అమ్మొచ్చని అప్పటికే లెక్కలేసుకుంటున్నాడు. వ్యాపారి వ్యాపారే!

అప్పుడు నా షరతులు చెప్పాను. ఎర్ర బటన్, నీలం బటన్ పక్కన మూడో బటన్ ఒకటి పెట్టాలి, ఆకుపచ్చది. దాని పేరు 'కొత్త చెయ్యి'. ఆరు వారాల లోపు పట్టాకు నేతవాడికి కోత ఉండదు, దారం వ్యాపారికి ఫిర్యాదూ ఉండదు. రెండోది, నేనొక్కడినే రాను. ఫోటోలు చూడటానికి మా ఫోల్డింగ్ కళ్లే కావాలి. ఇప్పుడు నాతో ముగ్గురు, మిగతావాళ్లు బల్లల దగ్గర యంత్రానికి కాపలా. ఒక్కడిని తీసేసినా ఈ కాగితం మీద నా సంతకం పడదు.

సేఠ్, ఓనరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుజరాతీలో కాసేపు మాట్లాడుకున్నారు. ఓనరు పెన్ను తీసి నా చేతికిచ్చాడు.

పిల్లలూ, ఆఫర్ కాగితంలో జీతమెంతో మీరే చదువుకోగలరు. నేను మిమ్మల్ని అడిగేది ఒకటే. అక్కడ చేరిన రోజున నోరు మూసుకోవాల్సిన సంగతి ఏదైనా నీ దగ్గరుందా? ఉంటే సంతకానికి ముందే చెప్పెయ్యి. పోతే ఉద్యోగం పోతుంది, అంతే కదా. సంతకం పెట్టిన మర్నాడు నేను ఆ దారం వ్యాపారి దగ్గరికి కూడా వెళ్లి చేతులు జోడించాను. ఆయన నోరారా నాలుగు బూతులు తిట్టి, ఆ తర్వాత టీ తెప్పించాడు.

మూడు నెలలు కళ్లు మండిపోయేలా ఫోటోలు చూశాం. నాతో వచ్చిన ముగ్గురిలో మొదటివాడు పక్క బల్ల తమ్ముడే. మెడలో ఐడీ కార్డు పట్టీ వేసుకుని ఐదో అంతస్తు అద్దంలో తనను తాను చూసుకుని, "ఏం అన్నా, సాహెబ్ లెక్క ఉన్న కదా!" అని వాడు మురిసిపోయిన తీరు చూడాలి.

యంత్రాన్ని మళ్లీ నడిపిన రోజున మిల్లు ఫోల్డింగ్‌లో మేం ఎనిమిది మందిమీ ఉన్నాం, సేఠ్ ఉన్నాడు, ఆ అమ్మాయి ఉంది. గుడ్డ జారుతోంది. బటన్ల చోట ఇప్పుడు దీపాలున్నాయి. ఎర్రది రెండుసార్లు వెలిగింది. రెండూ సరైనవే. నీలం ఒకసారి వెలిగింది, అదీ సరైనదే. అప్పుడొక పట్టా వచ్చింది. నాకు చూడగానే తెలిసింది. యంత్రం ఒక్క క్షణం ఆగింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

మేం వేసిన కేకకు ఎవరికో దెబ్బ తగిలిందనుకుని మగ్గాల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. తమ్ముడు ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు. సేఠ్ ఆ గీత మీద వేలు పెట్టి నా వైపు చూశాడు.

"ఇస్కా కటౌతీ?" అన్నాడు, వీడి జీతంలో కోత ఎంత అని.

"కుఛ్ నహీ, సేఠ్."

"అచ్ఛా" అని వేలు తీసేశాడు.

ఆ గుడ్డ నేసిన మనిషి ఎవరా అని వెతుక్కుంటూ నేను మగ్గాల మధ్యకు వెళ్లాను. నలభై దాటినవాడు, ఊళ్లో బోరు ఎండిపోయి వారం కిందట వచ్చాడు. ఆగిపోయిన మగ్గాన్ని మళ్లీ నడపడానికి చెమటలు కక్కుతూ తంటాలు పడుతున్నాడు. నన్ను చూసి బెదిరిపోయి, "తప్పయిందా సార్?" అన్నాడు.

"అయితే అయింది. నడుపు" అన్నాను. "నీకింకా ఐదు వారాలున్నయ్."